కాన్పు గదిలో సాంస్కృతిక భద్రత: థీసిస్‌కి పనికొచ్చే విషయమేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు ప్రసూతి విభాగంలో పీజీ రెండో సంవత్సరంలో ఉన్నారు, తల్లుల ఆరోగ్యంలో సాంస్కృతిక భద్రత (అంటే వైద్యం పొందే మనిషి అవమానపడకుండా, తన తీరుకి భంగం రాకుండా చూడటం) మీద థీసిస్ చేద్దామనుకుంటున్నారు, మీ గైడ్ మాత్రం "ముందు ప్రాణం కాపాడటం నేర్చుకో, మర్యాదల సంగతి తర్వాత చూద్దాం" అని కొట్టిపారేశారు. ఇది నిజంగా పరిశోధన చెయ్యదగ్గ విషయమేనా, వినడానికి బాగుండే కబుర్లేనా, చేస్తే ఎలా కొలవాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. చెయ్యదగ్గ విషయమే. మీ గైడ్ గారు ప్రాణం ఒక పక్కన, మర్యాద ఒక పక్కన పెట్టి చూస్తున్నారు గానీ లేబర్ రూమ్‌లో అవి అలా విడిగా ఉండవు. ఒకసారి అవమానపడిన మనిషి రెండోసారి ఆలస్యంగా వస్తుంది, వచ్చినా అన్నీ చెప్పదు, మనం అడిగినా తల ఊపి ఊరుకుంటుంది, ప్రాణం మీదికి వచ్చేది ఆ సందులోనే. కాకపోతే మీరు రాసుకున్న టాపిక్, అదే "వివిధ వర్గాల ప్రసవ ఆచారాలపై నర్సుల అవగాహన", దాంతో మాత్రం చెయ్యకండి. అది సాంస్కృతిక భద్రత కాదు. ఎందుకు కాదో చెప్పడానికే ఇంత పొడుగు రాయాల్సి వస్తోంది, ఓపిగ్గా చదవండి.

నేను 22 ఏళ్లుగా కాన్పులు చేస్తున్నాను, అందులో సగానికి పైగా ఈ పరిశోధనలో కూడా ఉన్నాను. ఇందులోకి వచ్చింది ఒక కార్డు మీద ఎర్ర పెన్నుతో రాసిన మాట వల్ల. మూడో కాన్పు, 37 వారాలు, బీపీ 170/110, మూడు రోజులుగా తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు. చెకప్‌లకి రెండేసార్లు వచ్చింది కాబట్టి కార్డు మీద 'డిఫాల్టర్' అని ఉంది. మూర్ఛ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చాం, బీపీ దించాం, కాన్పు చేశాం, తల్లీ బిడ్డా దక్కారు. మూడో రోజు రౌండ్స్ అయ్యి అందరూ వెళ్లిపోయాక, తలనొప్పి మొదలైన రోజే ఎందుకు రాలేదమ్మా అని అడిగాను. దుప్పటి అంచు మడుస్తూ, విప్పుతూ చాలాసేపు కూర్చుంది. తర్వాత అంది, "పోయినసారి నా మీద గుడ్డ కప్పలేదమ్మా. ఏడుగురున్నారు. లెక్కపెట్టాను."

ఆ ఏడుగురిలో పరీక్ష చేసిందెవరో, నేర్చుకోవడానికి నిలబడిందెవరో ఆమెకి తెలీదు, ఒక్కరూ పేరు చెప్పలేదట. ఆ పాత కాన్పు జరిగింది మా యూనిట్‌లోనే. కేస్ షీట్ తీసి తేదీ చూస్తే ఆ రోజు నాకూ డ్యూటీ ఉంది. ఆ ఏడుగురిలో నేను ఉన్నానో లేదో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. ఆమె ఏడుగురినీ లెక్కపెట్టుకుంది, నాకేమో ఆ రోజే గుర్తు లేదు.

1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు రాసిన 'మూడు ఆలస్యాలు' మీ సిలబస్‌లోనే ఉంటుంది: ఆసుపత్రికి వెళ్దామని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరుకోవడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. రెండోదానికి అంబులెన్సులు పెడతాం, మూడోదానికి రక్తం, మత్తు డాక్టరు సిద్ధం చేస్తాం. మొదటిదాన్ని మాత్రం ఆమె తెలియనితనం ఖాతాలో రాసేస్తాం. నేను చూసినంతలో చాలాసార్లు జరిగేది ఏంటంటే, పోయిన కాన్పులో మన గదిలో ఎదురైనదే ఈసారి ఇంట్లో ఆమెని ఆపుతుంది.

ఇప్పుడు ఆ మాట ఎక్కడ పుట్టిందో చూడాలి, ఎందుకంటే మీ టాపిక్ పొరపాటు అక్కడే ఉంది. సాంస్కృతిక భద్రత అనేది న్యూజిలాండ్‌లో అక్కడి ఆదిమవాసులైన మావోరి నర్సుల నుంచి వచ్చింది. 1988లో ఒక సమావేశంలో మొదటి సంవత్సరం నర్సింగ్ అమ్మాయి ఒకరు లేచి, చట్టపరమైన భద్రత అంటారు, వైద్యపరమైన భద్రత అంటారు, మరి మా సంస్కృతి భద్రత సంగతేంటి అని అడిగిందని చెబుతారు. ఇరిహాపెటి రామ్స్‌డెన్ అనే మావోరి నర్సు ఆ ఆలోచనని పట్టుకుని ఒక పద్ధతిగా మలిచారు, 1992లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ దాన్ని చదువులో భాగం చేసింది. పత్రికల్లో పెద్ద గొడవే అయింది, నర్సులకి రాజకీయాలు నూరిపోస్తున్నారని.

గొడవ ఎందుకంటే, ఆవిడ నర్సుల్ని మావోరి ఆచారాలు బట్టీ పట్టమనలేదు. నీ అలవాట్లేంటి, నీ చేతిలో ఉన్న అధికారమేంటి, నువ్వు మామూలు అనుకునేది ఎవరికి మామూలు అని తమని తాము చూసుకోమన్నారు. పైగా, సేవ భద్రంగా ఉందో లేదో తేల్చేది దాన్ని పొందిన మనిషి, చేసినవాళ్లు కాదు అన్నారు. డాక్టర్లకి మింగుడు పడనిది ఇదే. మనకి మన పనికి మార్కులు మనమే వేసుకోవడం అలవాటు.

ఒక ఉదాహరణ చెబుతాను. మావోరి భాషలో 'ఫెనువా' అంటే నేల, బిడ్డతో పాటు బయటికొచ్చే మాయకీ అదే మాట. బిడ్డ పుట్టాక మాయని నేలకి అప్పగించడం వాళ్లకి ముఖ్యం, ఆసుపత్రులేమో ఏళ్ల తరబడి దాన్ని వ్యర్థాలతో పాటు కాల్చేశాయి. ఇది చదవగానే 'మావోరి వాళ్లకి మాయ ఇచ్చెయ్యాలి' అని నోట్స్ రాసుకుంటే మీరు మళ్లీ మొదటికే వచ్చారన్నమాట, ఎందుకంటే అక్కర్లేదనే మావోరి తల్లీ ఉండొచ్చు, కావాలనే ఇంకో తల్లీ ఉండొచ్చు. ప్రతి ఒక్కరినీ "మాయని ఏం చెయ్యమంటారు?" అని కాన్పుకి ముందే అడగడం ఒక్కటే దారి. పది సెకన్ల పని. ఆచారాల పట్టిక ఇచ్చి నర్సులకి పరీక్ష పెడితే వాళ్లకి మార్కులొస్తాయి, ఆ పది సెకన్ల ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. నిజం చెప్పాలంటే పట్టిక తెలిసినవాళ్లే తక్కువ అడుగుతారు, తెలుసనుకుంటారు కదా.

అలాగని అంతా సంస్కృతి కాదు. దీనికి నా దగ్గర ఒక కేసుంది. బిడ్డ పుట్టగానే రక్తస్రావం ఆపడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ వద్దని ఒకామె మొండికేసింది. జూనియర్ అప్పటికే షీటులో 'సాంప్రదాయ కారణాల వల్ల నిరాకరణ' అని రాసేసింది. ఆమె మా మామూలు పేషెంట్ల కంటే వేరే వర్గం మనిషి, అంతకుమించి ఆధారమేమీ లేదు. నేను స్టూలు లాక్కుని పక్కన కూర్చుని అడిగితే, ముందు కాన్పులో సెలైన్‌లో అదే పేరున్న మందు కలిపి పెట్టారట, ఒక్కసారిగా నొప్పులు తట్టుకోలేనంతగా వచ్చాయట, ఎవరూ ముందు చెప్పలేదట. పేరు గుర్తు పెట్టుకుంది. మందు అదే, అందులో తప్పేం లేదు, కానీ ఇప్పుడు బిడ్డ బయటికి వచ్చేశాక కండకి ఒక్కసారి ఇస్తారు, గర్భసంచి బిగుసుకుని రక్తం ఆగుతుంది, అప్పటిలా గంటల తరబడి ఉండదని చెప్పాను. సరే అంది. మొత్తం నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఇందులో సంప్రదాయం ఎక్కడుంది? ఉన్నదల్లా ఒక మంచి జ్ఞాపకశక్తి, మన వైపు నుంచి ఒక పాత తప్పు.

ఇక మీ గైడ్‌ని ఒప్పించడానికి ఏం చూపించాలి అన్నారు. నేనైతే పెరూ నుంచి మొదలుపెడతాను. అక్కడ అయకూచో ప్రాంతంలో సాంటియానా అనే జిల్లా, అక్కడి ఆదిమవాసుల భాష కెచువా మాట్లాడే ఊళ్లు. ఆడవాళ్లు ఆరోగ్య కేంద్రానికి కాన్పుకి వచ్చేవాళ్లు కాదు. ఊళ్లోవాళ్లతో కూర్చుని కాన్పు పద్ధతినే మార్చారు: తాడు పట్టుకుని, బెంచీ ఆసరాతో నిటారుగా కనొచ్చు, ఇంటివాళ్లు, మంత్రసాని లోపల ఉండొచ్చు, సిబ్బంది కెచువాలో మాట్లాడాలి. 1999లో 6 శాతం కాన్పులు కేంద్రంలో జరిగేవి, 2007కి 83 శాతం అయ్యాయి. మందులు అవే. మారింది ఆ గదిలో ఎవరి మాట చెల్లుతుందన్నది. 2005లో పెరూ ప్రభుత్వం నిటారు కాన్పుకి జాతీయ మార్గదర్శకాలే తెచ్చింది. అయితే మీ గైడ్ తెలివైనవారైతే వెంటనే ఒక మాట అంటారు: ఇది ముందూ వెనకా పోలిక, పక్కన పోల్చడానికి వేరే జిల్లా లేదు, అదే కాలంలో పెరూలో ప్రభుత్వ ఆరోగ్య బీమా కూడా వచ్చింది. నిజమే. ఆ అభ్యంతరం మీరే ముందు రాసేయండి, థీసిస్ బలపడుతుంది.

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఆదిమవాసీ కుటుంబాల కోసం నడిపిన 'బర్తింగ్ ఇన్ అవర్ కమ్యూనిటీ' ఫలితాలు 2021లో వచ్చాయి, 2013 నుంచి 2019 దాకా లెక్కలు. గర్భం నుంచి కాన్పు తర్వాతి వారాల దాకా తెలిసిన మిడ్‌వైఫే (కాన్పులు చేసే శిక్షణ పొందిన మనిషి) చూడటం, ఆదిమవాసీ సిబ్బంది, సేవ నడపడంలో ఆదిమవాసీ సంస్థలకే పెత్తనం. మామూలు సేవ పొందినవాళ్లతో పోలిస్తే చెకప్‌లకి ఎక్కువగా వచ్చారు, నెలలు నిండకుండా పుట్టే బిడ్డలు తగ్గారు. లాటరీ వేసి విడగొట్టిన ట్రయల్ కాదు, గణాంక పద్ధతులతో తేడాలు సరిచేశారు, అది కూడా గుర్తుంచుకోవాలి. లాటరీ వేసిన ట్రయల్సే కావాలంటే నొప్పుల సమయంలో పక్కన ఒక మనిషి ఉండటం మీద 2017 కాక్రేన్ సమీక్ష (ఒక విషయం మీద జరిగిన ట్రయల్స్‌ని కలిపి చూసేది) ఉంది, 26 ట్రయల్స్, 15 వేల మందికి పైగా తల్లులు: సిజేరియన్లు తగ్గాయి, నొప్పుల సమయం తగ్గింది, కాన్పు చేదు అనుభవంగా మిగలడం తగ్గింది. పక్కన మనిషి ఉండటమంటే సాంస్కృతిక భద్రత మొత్తం కాదు, కానీ మర్యాద అనుకునేది వైద్యంలా పనిచేస్తుందని చూపించడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

నాకు వ్యక్తిగతంగా ఇష్టమైనది మాత్రం కెనడా ఉత్తరాన నునావిక్. అక్కడి ఆదిమవాసులైన ఇన్యూట్ ఆడవాళ్లని కాన్పుకి వారాల ముందే విమానంలో దక్షిణాన నగరాలకి పంపేసేవాళ్లు, భాష రాని చోట ఒంటరిగా, ఇంట్లో పిల్లల్ని వదిలేసి. 1986లో పువిర్నితుక్ ఊళ్లో కాన్పుల కేంద్రం పెట్టి స్థానిక ఇన్యూట్ స్త్రీలకే మిడ్‌వైఫ్ శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టారు. సిజేరియన్ కావాలంటే విమానమే దిక్కు, అయినా ప్రతి గర్భిణి విషయం ఒక కమిటీ కూర్చుని చర్చించి ఎవరు ఊళ్లో ఉండొచ్చో, ఎవరు వెళ్లాలో తేలుస్తుంది. ఆ చర్చలో దూరం పంపడం వల్ల వచ్చే ప్రమాదాన్ని కూడా ప్రమాదంగానే లెక్కేస్తారు. నొప్పులు ఎలా సాగుతున్నాయో రాసే మన పార్టోగ్రామ్‌లో, రిస్క్ స్కోరులో దానికి గడే లేదు కదా.

గడి అంటే గుర్తొచ్చింది, గడి ఉండటం కూడా ఒక్కోసారి ప్రమాదమే. సిజేరియన్ తర్వాత మామూలు కాన్పు అయ్యే అవకాశం ఎంతో చెప్పే కాలిక్యులేటర్ ఒకటి అమెరికాలో 2007 నుంచి వాడారు. నల్లజాతి లేదా హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు) అని టిక్ పెడితే చాలు, మిగతావన్నీ ఒకేలా ఉన్నా అవకాశం తక్కువ చూపించేది. అంకె తక్కువ వస్తే డాక్టరు మళ్లీ సిజేరియనే మేలంటారు, అలా సిజేరియన్లు పెరిగితే అంకె నిజమే అన్నట్టు కనబడుతుంది. 2021లో జాతి గడి తీసేసిన కొత్తది వచ్చింది. లేబర్ రూమ్‌లో ఎవరూ ఎవర్నీ తిట్టకపోయినా, ఎంతో మర్యాదగా మాట్లాడినా, ఆ సేవ భద్రం కాకపోవచ్చని చెప్పడానికి నేను పీజీలకి ఎప్పుడూ ఇదే చూపిస్తాను. నవ్వుతూ మాట్లాడటం నేర్పే వర్క్‌షాప్‌తో ఇది పోదు.

భాష గురించి క్లుప్తంగా. ఇంటివాళ్లని దుబాసీలుగా వాడొద్దు, పిల్లల్ని అసలే వద్దు. సిజేరియన్ ఎందుకు చెయ్యాలో నేను అయిదు నిమిషాలు చెబితే ఒక భర్త నాలుగు మాటల్లో ముగించి "సరేనంటోంది మేడమ్" అన్నాడు. ఎందుకో అనుమానం వచ్చి ఫోన్‌లో వేరే దుబాసీని పట్టుకుంటే, బిడ్డ నిన్నటి నుంచి కదలట్లేదని ఆమె పొద్దున్నుంచీ చెబుతోందట. ఆయన చెడ్డవాడేం కాదు, గాభరాలో ఉన్నాడు, ఆడవాళ్ల కంగారు అనుకున్నాడు. బిడ్డ దక్కింది, కానీ ఆ పొద్దుటి గంటలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు టెన్షనే.

మరి ఎమర్జెన్సీలో? ఇది అందరూ అడుగుతారు. రక్తం కారిపోతుంటే కూర్చుని చర్చలు పెట్టమని ఎవరూ అనట్లేదు. చేతులు పనిచేస్తుంటే నోరు కూడా పనిచెయ్యొచ్చు: "రక్తం ఎక్కువ పోతోంది, పొట్ట గట్టిగా నొక్కుతున్నాను, నొప్పి పుడుతుంది, నేనిక్కడే ఉన్నాను." ఒకరిని ఆమె తల దగ్గర నిలబెట్టండి, ఆ మనిషికి వేరే పనేం ఇవ్వకండి. మర్నాడు వెళ్లి ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో చెప్పండి. మనం ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ మర్నాటి పనే, బతికింది కదా అని.

అలాగే, ఆమె కోరినదల్లా ఒప్పుకోవడం కూడా దీని అర్థం కాదు. ప్రమాదం ఉంటే ఉందని గట్టిగానే చెబుతాను, నా అభిప్రాయం దాచను. చెప్పాక కూడా స్పృహలో ఉన్న మనిషి వద్దంటే అది ఆమె నిర్ణయం, దానికి శిక్షగా మన మొహం మారకూడదు, రెండోసారి పిలిచినప్పుడు ఆలస్యంగా వెళ్లకూడదు. చెప్పినంత తేలిక కాదు, నాకూ మొహం మారుతుంది.

ఇక కొలవడం. నా మొదటి అధ్యయనం చెత్తబుట్టలో వెయ్యాల్సి వచ్చింది, ఆ కథ మీకు పనికొస్తుంది. డిశ్చార్జ్ రోజు వార్డులోనే, యూనిఫాంలో ఉన్న నర్సు చేత ప్రశ్నలు అడిగించాను. దాదాపు అందరూ 'బాగా చూశారు' అన్నారు. ఎందుకనరు, చేతిలో బిడ్డ, డిశ్చార్జ్ కాగితం ఇంకా మా దగ్గర. తర్వాత వాళ్లలోనే కొందరిని ఆరు వారాలకి ఇళ్ల దగ్గర, ఆసుపత్రితో సంబంధం లేని మనిషి కలిస్తే జవాబులు వేరేగా వచ్చాయి. పెద్ద అధ్యయనాల్లోనూ ఈ తేడా ఉంది: ఘనా, గినీ, మయన్మార్, నైజీరియాల్లో చేసి 2019లో ప్రచురించిన దాంట్లో, పరిశీలకులు పక్కనే ఉండి చూసిన 2,016 మందిలో 41.6 శాతం మందికి తిట్లో, దెబ్బలో, వివక్షో ఎదురయ్యాయి. తల్లుల్నే అడిగిన సర్వేలో అది 35.4 శాతం. కాబట్టి ఒకే పద్ధతిని నమ్ముకోవద్దు. ఎవరు అడిగారు, ఎక్కడ, ఎప్పుడు అనేవి మీ మెథడ్స్‌లో మూడు వాక్యాలైనా ఉండాలి.

కొత్త ప్రశ్నావళి మీరు తయారుచెయ్యక్కర్లేదు. నిర్ణయాల్లో తల్లి మాట ఎంత చెల్లిందో కొలవడానికి 'మదర్స్ ఆటానమీ ఇన్ డెసిషన్ మేకింగ్' అనే ఏడు ప్రశ్నల స్కేలు ఉంది, కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో తల్లులతో కలిసి తయారుచేశారు, 2017లో అచ్చయింది. తర్జుమా మాత్రం జాగ్రత్త. 'మీకు నచ్చింది ఎంచుకోగలిగారా' అనే ధోరణి ప్రశ్నకి ఒక పెద్దావిడ నన్నే ఎదురడిగింది, "డాక్టరు ఉండగా నేను ఎంచుకోవడమేంటమ్మా?" అని. స్కేలులో అది ఒక అంకె, నా నోట్‌బుక్‌లో ఒక పేజీ. అంకెలతో పాటు పదిహేను ఇరవై మందితో తీరిగ్గా మాట్లాడిన ఇంటర్వ్యూలు పెట్టుకోండి. రెండేళ్లలో అయ్యే పనే.

సమాచారం ఎవరిది అన్నది కూడా ముందే తేల్చుకోండి. కెనడా ఆదిమవాసులైన ఫస్ట్ నేషన్స్ వాళ్లు యాజమాన్యం, నియంత్రణ, అందుబాటు, స్వాధీనం అని నాలుగు సూత్రాలు పెట్టుకున్నారు, తమ గురించిన డేటా తమదే అని. పీజీ థీసిస్‌లో అంతా కుదరదు, తెలుసు. కానీ ఫలితాలు డిపార్ట్‌మెంట్ సెమినార్‌కి ముందు ఆ తల్లులకి వినిపించడం కుదురుతుంది. నేను అలా చేసినప్పుడు 'డిఫాల్టర్' అన్న మాట చదవగానే ఒకామె నవ్వి, "అప్పు తీసుకున్నట్టు రాశారేంటమ్మా" అంది. మా కార్డుల్లో ఆ మాట తీసి 'రాకపోవడానికి ఆమె చెప్పిన కారణం' అని ఖాళీ గీత పెట్టాం. సగం కార్డుల్లో ఆ గీత ఇప్పటికీ ఖాళీగానే ఉంటోంది, అడగడం ఇంకా అలవాటు కాలేదు.

మీ టాపిక్‌ని తిప్పి రాయమంటే నేనైతే ఇలా రాస్తాను: "రెండో కాన్పుకి ఆలస్యంగా వచ్చిన తల్లులు మొదటి కాన్పు సేవ గురించి ఏం చెబుతారు?" చిన్న ప్రశ్న, మీ ఒక్క యూనిట్‌లోనే చెయ్యొచ్చు. గైడ్‌కి కూడా 'ఆలస్యం' అన్న మాట నచ్చుతుంది. ఎథిక్స్ కమిటీకి పెట్టేముందు ప్రశ్నల చిత్తుప్రతి ఇక్కడ పెట్టండి, ఈ వారం నైట్ డ్యూటీలున్నాయి గానీ ఆదివారం కూర్చుని చూస్తాను.